డాబా మీద సోలార్: ప్యానెళ్ల లెక్క సరే, ఇంటి డిజైన్ గురించి ఎవరూ ఎందుకు అడగరు?

కృష్ణాతీరం_శారద

విజయవాడ శివార్లలో 200 గజాల స్థలంలో ఉన్న మా ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించుకోవాలని నిర్ణయించుకున్నాం. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది కాబట్టి డబ్బు గురించి పెద్దగా బెంగ లేదు. నా ఫిర్యాదు వేరే ఉంది. ఇంటికి వచ్చిన వెండర్లందరూ నెలకు బిల్లు ఎంత వస్తుందని, డాబా ఎన్ని చదరపు అడుగులని అడిగారే తప్ప, ఆ డాబాను మేము దేనికి వాడుకుంటున్నామని ఒక్కరూ అడగలేదు.

మా అత్తగారు ఎండాకాలం వచ్చిందంటే వడియాలు, మాగాయ ముక్కలు, ఏడాదికి సరిపడా మిరపకాయలు అక్కడే ఎండబెడతారు. రోజూ బట్టలు ఆరేసేది అక్కడే, కరెంటు పోయిన రాత్రి చాపలు వేసుకునేదీ అక్కడే. వాళ్లు గీసి ఇచ్చిన బొమ్మలో ప్యానెళ్లు నడుము ఎత్తులో, డాబాకు సరిగ్గా నడిమధ్యన ఉన్నాయి. నీళ్ల ట్యాంకు దగ్గరకు వెళ్లాలంటే వంగి, పాక్కుంటూ వెళ్లాలి. ఎత్తు పెంచమని అడిగితే ఒకరు గాలికి ఆగదన్నారు, మరొకరు అదనంగా ఖర్చవుతుందన్నారు. మనిషి తిరగగలిగేంత ఎత్తులో వేయించుకున్నవారు ఎవరైనా ఉంటే చెప్పండి. అసలు మన ఇళ్లకు తగ్గట్టు ఈ డిజైన్ ఎవరు చేయాలి?

యూనిట్_లెక్కలు

శారద గారి ఇబ్బంది అర్థమవుతోంది కానీ, ఈ రంగం ఇంత దూరం రావడానికి కారణం ధర అన్న సంగతి మనం మరచిపోకూడదు. 2017 ఏప్రిల్‌లో కడప సోలార్ పార్కులో 250 మెగావాట్లకు జరిగిన వేలంలో యూనిట్ 3.15 రూపాయలు పలికినప్పుడు అప్పటికి దేశంలో అదే అతి తక్కువ ధర. నెల తిరిగేసరికి రాజస్థాన్‌లోని భడ్లాలో అది 2.44 రూపాయలకు దిగింది. ఒకే రకం ప్యానెల్, దాన్ని మోసే ఒకే రకం చట్రం (స్ట్రక్చర్) లక్షల సంఖ్యలో తయారు చేయడం వల్లనే అది సాధ్యమైంది. సూర్యఘర్ లక్ష్యం కోటి ఇళ్లు. ప్రతి ఇంటికీ వేరుగా డిజైన్ గీయించుకుంటూ కూర్చుంటే ఆ కోటి ఎప్పటికి పూర్తవుతుంది?

మిద్దెతోట_సుజాత

కోటి ఇళ్లంటే కోటి డాబాలు కూడా. ఆ డాబాల మీద పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. బిల్లు తగ్గిందని ఇంటాయన సంతోషిస్తాడు, బట్టలు ఆరేసుకునే చోటు పోయిందని ఇల్లాలు బాధపడుతుంది. ఆ రెండో లెక్క మీ యూనిట్లలో ఎక్కడ కలిపారో చెప్పండి.

విశాఖ_తీరం

గాలి గురించి చెప్పిన వెండర్‌ను తప్పు పట్టకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరిని తాకినప్పుడు గంటకు 180 కిలోమీటర్ల దాకా గాలి వీచింది. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విశాఖకైనా, విజయవాడకైనా డిజైన్‌కు తీసుకోవలసిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. అంటే గంటకు సరిగ్గా 180 కిలోమీటర్లే. ఆ వేగానికి, మిగతా గుణకాలేవీ కలపకముందే, చదరపు మీటరుకు దాదాపు 150 కిలోల ఒత్తిడి వస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న 540 వాట్ల ప్యానెల్ వైశాల్యం రెండున్నర చదరపు మీటర్ల పైమాటే. 3 కిలోవాట్లకు ఆరు ప్యానెళ్లు వేస్తే, మొత్తం మీద రెండు టన్నులు దాటిన బలం ఆ ప్యానెళ్ల కప్పును పైకి లేపడానికి ప్రయత్నిస్తుంది. ఆరు ప్యానెళ్ల సొంత బరువు కలిపినా 200 కిలోలకు మించదు.

అందుచేత ఎత్తుగా వేయకూడదని నేను అనడం లేదు. వేయవచ్చు, అయితే కాళ్ల మధ్య ఏటవాలు కట్లు, బేస్ ప్లేట్లు, కింద దిమ్మెల బరువు లెక్క కట్టి వేయాలి. ఆ లెక్క కాగితం మీద చూపించమని అడగండి. చూపించలేని వెండర్ తక్కువ ఎత్తులో వేసినా ప్రమాదమే.

నేల_నీడ

నేను ఇళ్ల ప్లాన్లు గీసే ఆర్కిటెక్టును. శారద గారు అడిగిన ప్రశ్న నా వృత్తికే తగులుతుంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మన ఊళ్లలో వాస్తు చూసుకుని కట్టిన చాలా ఇళ్లకు మెట్ల గది, దాని మీద నీళ్ల ట్యాంకు నైరుతి మూలన ఉంటాయి. ఈశాన్యం ఖాళీగా, పల్లంగా ఉంటుంది. కాబట్టి ప్యానెళ్లు పెట్టడానికి వచ్చినవారికి మొదట కంటికి ఆనేది ఆ ఖాళీ ఈశాన్యమే. ఇప్పుడు సూర్యుణ్ణి చూడండి. డిసెంబరు నెలాఖరులో మన అక్షాంశాల దగ్గర మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో సూర్యుడు దాదాపు సరిగ్గా నైరుతి దిక్కున, నేల నుంచి 30 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఆ వేళకు ఏ వస్తువు నీడైనా దాని ఎత్తుకు ఒకటిముప్పాతిక రెట్లు సాగి నేరుగా ఈశాన్యం మీద పడుతుంది. మెట్ల గది, ట్యాంకు కలిపి 12 అడుగుల ఎత్తు ఉన్నాయనుకుంటే నీడ 20 అడుగులు దాటుతుంది. 200 గజాల స్థలంలో కట్టిన ఇంటి డాబాలో అది చాలా పెద్ద భాగం.

ప్యానెళ్లను 8 అడుగుల ఎత్తుకు లేపితే ఏమవుతుందో గమనించండి. ట్యాంకు వాటికంటే నాలుగు అడుగులే ఎత్తుగా మిగులుతుంది, నీడ ఏడు అడుగులకు తగ్గిపోతుంది. అత్తగారి వడియాలకు చోటు ఇచ్చే ఎత్తే శీతాకాలంలో యూనిట్లను కూడా కాపాడుతుంది. డాబా ఎలా వాడుకుంటారని మొదట అడిగి ఉంటే ఆ వెండర్లకు కూడా ఈ సంగతి తట్టేది.

సబ్సిడీ నియమాలలో ప్యానెల్ నాణ్యతకు, దాని కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌కు ప్రమాణాలు పెట్టాం, మంచిదే. కానీ ఇల్లు కట్టేటప్పుడే సోలార్‌కు చోటు వదలడం గురించి మేము ప్లాన్లలో ఆలోచించడం లేదు. ట్యాంకును నిలువుగా కాకుండా అడ్డంగా పడుకోబెట్టే రకం తీసుకున్నా, మెట్ల గది కప్పును దక్షిణానికి కొద్దిగా వాలుగా పోసినా, ఆ కప్పు మీదే ప్యానెళ్లకు చోటు దొరుకుతుంది.

ఓరుగల్లు_వాసి

నేల_నీడ గారూ, మా నాన్నగారు ఈశాన్యంలో గ్రాము బరువు కూడా పెట్టనివ్వరు. మేము ఆగిపోయింది అక్కడే. సూర్యుడు వాస్తు చూసి ఉదయించడు కదా అంటే వినరు.

నేల_నీడ

ఓరుగల్లు_వాసి గారూ, నాన్నగారితో వాదించవద్దు. నైరుతిలో మెట్ల గది కప్పు మీదుగా, ట్యాంకును కూడా కప్పేలా స్ట్రక్చర్ వేయమనండి. బరువు, ఎత్తు రెండూ నైరుతిలోనే ఉంటాయి, వాస్తు ప్రకారం ఆయనకూ అభ్యంతరం ఉండదు. అన్నిటికంటే ఎత్తున ఉంటాయి కాబట్టి ప్యానెళ్ల మీద మీ ఇంటి నీడ ఏదీ పడదు. ట్యాంకు మీద ఎండ పడదు కాబట్టి ఏప్రిల్‌లో మధ్యాహ్నం కుళాయి తిప్పితే మరిగే నీళ్లు రావు. ట్యాంకు కడగడానికి మనిషి దూరేంత ఎడం మాత్రం వదలమనండి.

ప్యానెల్_మేస్త్రి

వెండర్ల తరఫున ఒకరైనా మాట్లాడాలి కాబట్టి రాస్తున్నాను. మేము డిజైన్ గురించి అడగకపోవడానికి కారణం, చాలామంది ఫోన్ చేసి మొదట అడిగేది కిలోవాట్‌కు ఎంత అనే మాటే. పక్క వెండర్ నాలుగు వేలు తక్కువ చెబితే అటు వెళ్లిపోతారు. ఆ నాలుగు వేలు మేము ఎక్కడ తగ్గించాలి? ప్యానెల్ దేశంలో తయారైనదే ఉండాలి, ఇన్వర్టర్ ఆమోదం పొందినదే ఉండాలి, వాటిలో తగ్గించలేం. మిగిలేది స్ట్రక్చర్ ఇనుము, కేబుల్, ఎర్తింగ్. కొనేవారికి కనిపించని చోటే కోత పడుతుంది. ఎత్తైన స్ట్రక్చర్‌కు ఇనుము ఎక్కువ, మనుషులు ఎక్కువ, ఒక రోజు పని అదనం.

నేల_నీడ గారు నీడ గురించి చెప్పినది మా పనిలో రోజూ చూసేదే. ప్యానెళ్లన్నీ ఒకే వరుసలో తీగతో కలిసి ఉంటాయి. ప్యానెల్ లోపల కరెంటు పుట్టించే చిన్న పలకల్లో (సెల్స్) కొన్నిటి మీద నీడ పడితే కరెంటు వాటిని తప్పించుకుని బైపాస్ డయోడ్ గుండా పోతుంది, ఆ భాగం ఇచ్చే కరెంటు మాత్రం పోయినట్టే. ఇప్పుడొచ్చే హాఫ్‌కట్ ప్యానెల్ పై సగం, కింది సగం విడివిడిగా పని చేస్తాయి కాబట్టి పిట్టగోడ నీడ కింది అంచు వెంట పడినా పై సగం నడుస్తుంది. అదే ప్యానెల్‌ను అడ్డంగా తిప్పి పెట్టి ఉంటే ఆ నీడ రెండు సగాలనూ కొడుతుంది. నిలువా, అడ్డమా అన్నది చాలామంది స్థలం సరిపోవడాన్ని బట్టి నిర్ణయిస్తారు. నీడ ఎటు నుంచి వస్తుందో చూసి నిర్ణయించాలి.

కృష్ణాతీరం_శారద

మేస్త్రి గారూ, స్ట్రక్చర్‌కు ఎంత, ప్యానెళ్లకు ఎంత, ఎర్తింగ్‌కు ఎంత అని విడిగా రాసి ఇస్తే నేను అదనపు డబ్బుకు వెనుకాడేదాన్ని కాదు. మాకు ఇచ్చిన కొటేషన్లలో అంతా కలిపి ఒకే అంకె ఉంది. దేనికి ఎంత ఇస్తున్నామో తెలియనప్పుడు ఎవరైనా తక్కువ అంకె వైపే మొగ్గుతారు.

ప్యానెల్_మేస్త్రి

ఆ మాట నిజమే. విడిగా రాసి ఇవ్వమని అడిగే హక్కు మీకు ఉంది, అడగండి.

ఫీడర్_పదకొండు

శారద గారి మొదటి పోస్టులో కరెంటు పోయిన రాత్రి గురించి ఉంది కాబట్టి ఒక విషయం ముందే చెప్పడం అవసరం. మీరు పెట్టించుకోబోయేది బ్యాటరీ లేకుండా కరెంటు లైన్‌తో కలిసి నడిచే ఆన్‌గ్రిడ్ సిస్టం అయితే, మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే, లైన్‌లో కరెంటు పోగానే మీ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. అది లోపం కాదు, కావాలని అలా డిజైన్ చేశారు. లైన్ ఆపి స్తంభం ఎక్కిన మనిషికి మీ డాబా మీది నుంచి కరెంటు వెనక్కి వచ్చి తగలకూడదు. నేను పంపిణీ సంస్థలో పనిచేశాను, ఆ రక్షణ ఎంత ముఖ్యమో నాకు తెలుసు.

రెండో సంగతి ట్రాన్స్‌ఫార్మర్. ఒకే వీధిలో చాలా ఇళ్లకు సోలార్ వస్తే మధ్యాహ్నం వేళ ఆ వీధి వాడకం కంటే ఉత్పత్తి ఎక్కువై వోల్టేజి పెరుగుతుంది. ఒక హద్దు దాటితే ఇన్వర్టర్లు వాటంతట అవే ఆగిపోతాయి. 2024లో కేంద్రం సవరించిన వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం 10 కిలోవాట్ల లోపు దరఖాస్తులకు సాంకేతిక పరిశీలన అక్కర్లేదు, 5 కిలోవాట్ల దాకా అవసరమైన లైన్ల బలోపేతం పంపిణీ సంస్థే సొంత ఖర్చుతో చేయాలి. వినియోగదారుడికి అది మేలు చేసే నియమం. అయితే ఏ వీధి ట్రాన్స్‌ఫార్మర్ ఎంత మోయగలదన్న ప్రణాళిక కూడా డిజైన్‌లో భాగమే అని గుర్తించేవారు తక్కువ.

మంజీర_మమత

ఇన్వర్టర్ ఆగిపోతుందన్న సంగతి మాకు పెట్టించుకున్న తర్వాతే తెలిసింది. కొనే ముందు ఒక్కరైనా చెప్పి ఉంటే బ్యాటరీతో కూడా నడిచే హైబ్రిడ్ రకం గురించి ఆలోచించేవాళ్లం.

దానికంటే నన్ను ఎక్కువ బాధించేది బిల్లు. సోలార్ పెట్టకముందు బిల్లులో ఎన్ని యూనిట్లు కాలాయో, ఎంత కట్టాలో చూస్తే సరిపోయేది. ఇప్పుడు తీసుకున్న యూనిట్లు, ఇచ్చిన యూనిట్లు, మిగిలిన యూనిట్లు, స్థిర చార్జీలు, సర్దుబాట్లు అన్నీ పొట్టి అక్షరాలతో, ఎండకు వెలిసిపోయే కాగితం మీద వస్తున్నాయి. మా అమ్మ ఒకప్పుడు బిల్లు చూసి స్లాబు మారిందని గుర్తుపట్టి ఏసీ ఆపించేది. ఇప్పుడు ఆమెకు ఆ కాగితం అంతుపట్టడం లేదు. ఇన్వర్టర్ యాప్ అయితే పూర్తిగా ఇంగ్లీషులో ఉంది, దాని లాగిన్ వెండర్ ఫోన్‌లో ఉంది. ఒక ప్యానెల్ పనిచేయకపోతే నాకు తెలిసే మార్గమే లేదు.

డిజైన్ అనగానే అందరూ ఇనుము, గాజు గురించే మాట్లాడుతున్నారు. నెలనెలా చేతికి వచ్చే ఆ కాగితం కూడా డిజైనే. ఇంటివాళ్లు అందులో తమ లాభం చూడలేకపోతే పక్కింటివాళ్లకు ఏమని చెబుతారు?

యూనిట్_లెక్కలు

మమత గారి మాట బాగుంది. బిల్లు విషయంలో నాకు అభ్యంతరం లేదు, అది ఒకసారి సరిచేస్తే అన్ని ఇళ్లకూ పనికొస్తుంది, ఖర్చూ ఉండదు. నేను కాదన్నది ఇంటింటికీ వేరు వేరు స్ట్రక్చర్ అన్న ఆలోచనను. ఎత్తైన స్ట్రక్చర్ కూడా మూడు నాలుగు కొలతల్లో ఫ్యాక్టరీ నుంచి బోల్టులతో బిగించే భాగాలుగా వస్తే ధర దిగుతుంది. ఆ పని కంపెనీలు చేయాలి, ఇంటి యజమానులు కాదు.

నేల_నీడ

బోల్టులతో బిగించే రకమైతే మరో మేలు కూడా ఉంది. మన ఇళ్లలో సగానికి సగం డాబాల మీద రేపటి అంతస్తు కోసం వదిలిన పిల్లర్ ఊచలు తుప్పు పడుతూ కనిపిస్తాయి. ప్యానెల్ పాతికేళ్లు ఉంటుంది, ఆ లోపు పై అంతస్తు వేయకుండా ఎవరుంటారు? వెల్డింగ్ చేసిన స్ట్రక్చర్‌ను కోసి పారేయాలి, బోల్టులదైతే విప్పి పైకి ఎక్కించవచ్చు. స్ట్రక్చర్ కాళ్లు కూడా వీలైనంత వరకు ఆ పిల్లర్ల మీదకే వచ్చేలా చూడండి. బరువు నేరుగా పునాదికి దిగుతుంది.

మానేరు_రాము

పెద్ద ప్రాజెక్టుల్లోనూ చోటును బట్టే డిజైన్ మారుతుంది. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయరు మీద 2022 జూలైలో పూర్తిగా పని మొదలుపెట్టిన 100 మెగావాట్ల తేలియాడే ప్లాంటు దాదాపు 500 ఎకరాల నీటి మీద పరచుకుని ఉంది. దాన్ని 40 బ్లాకులుగా విడగొట్టారు. ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా ఒడ్డున కాకుండా ఫెర్రో సిమెంటు తెప్పల మీదే తేలుతుంటాయి. మొత్తాన్ని కదలకుండా పట్టి ఉంచేవి రిజర్వాయరు అడుగున దించిన కాంక్రీటు దిమ్మెలు. నీటి మట్టం పెరిగినా తగ్గినా తెప్పలు దానితోపాటు లేచి దిగేలా కట్టారు. నేల సేకరించాల్సిన పని లేదు, నీటి ఆవిరి తగ్గుతుంది, కింద నీరు ఉండడం వల్ల ప్యానెళ్లు చల్లగా ఉంటాయి. ఒక్క ప్లాంటు కోసం ఇంత ఆలోచించగలిగినవాళ్లం, మామూలు డాబా కోసం ఎందుకు ఆలోచించకూడదు?

పావగడ_సీమ

మాది కర్ణాటకే అయినా మా ఊళ్లలో చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతాం. మా తాలూకాలో సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. రైతుల దగ్గర భూమి కొనకుండా ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలుకు తీసుకున్నారు, రెండేళ్లకోసారి 5 శాతం పెరుగుతుంది. పట్టా రైతు చేతి నుంచి పోలేదు. కరవు సీమలో వాన పడినా పడకపోయినా డబ్బు వచ్చే ఏర్పాటు ఇది. దీన్ని కూడా నేను డిజైన్ అనే అంటాను. ఒప్పందాన్ని ఆలోచించి రూపొందించారు కాబట్టే అంత భూమి గొడవలు పెద్దగా లేకుండా దొరికింది.

అయితే ఆ ఏర్పాటులో భూమి లేనివారికి చోటు లేదు. ఆ చేలలో కూలికి వెళ్లినవారు, ఆ బీళ్లలో మేకలు, గొర్రెలు మేపుకున్నవారు కౌలు పొందలేదు, పని పోగొట్టుకున్నారు. ప్యానెళ్ల వరుసలు కొంచెం ఎత్తుగా, ఎడంగా ఉండి ఉంటే కింద గొర్రెలు మేసేవి, కొన్ని పంటలు కూడా పండేవి. అప్పుడు కిలోవాట్‌కు ఖర్చు కొంత పెరిగేది, నిజమే. కానీ ఎత్తు పెంచితే ఎవరికి చోటు దొరుకుతుందన్న ప్రశ్న శారద గారి డాబా మీద ఎంత పెద్దదో మా పొలాల్లోనూ అంతే పెద్దది.

యూనిట్_లెక్కలు

పావగడ_సీమ గారూ, కూలీల మాట బలమైనదే. పరిహారం డబ్బు రూపంలో ఇవ్వడం కంటే ఇనుము ఎత్తు పెంచడమే మంచిదని మాత్రం నేను ఇంకా ఒప్పుకోలేకపోతున్నాను. ఎత్తు పెంచిన ప్రతి మీటరుకూ ఆ డబ్బు చివరికి యూనిట్ ధరలో కలిసి బీద ఇంటి బిల్లులోకే వస్తుంది.

నా దృష్టిలో అంతకంటే పెద్ద డిజైన్ సమస్య సాయంత్రం. సూర్యుడు దిగిపోయాక ఏడింటికి అందరి ఇళ్లలో ఫ్యాన్లు, టీవీలు, ఏసీలు ఒక్కసారిగా మొదలవుతాయి. నాగార్జునసాగర్ విద్యుత్ కేంద్రం కట్టినవారు ఆ కాలంలోనే, మిగులు కరెంటుతో నీటిని తిరిగి పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీయగల ఏడు యూనిట్లు పెట్టారు. ఇప్పుడు నంద్యాల జిల్లా పిన్నాపురంలో నదికి సంబంధం లేకుండా రెండు రిజర్వాయర్ల మధ్య నీళ్లు తిప్పుతూ 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి చేపట్టారు. ఇంటి స్థాయిలో ఆ పని చేయాలంటే పగలే వాడుకోవాలి.

మిద్దెతోట_సుజాత

పగలే వాడుకోవడం మా ఇంట్లో అలవాటు చేశాం. నీళ్ల మోటారు, వాషింగ్ మెషీన్, ఇస్త్రీ, పిండి రుబ్బుకోవడం అన్నీ పదకొండు నుంచి మూడు మధ్యలోనే. మోటారుకు టైమర్ పెట్టాం కాబట్టి దానికి ఎవరూ లేవనక్కర్లేదు. పాత ఫ్యాన్లు ఒక్కోటి 75 వాట్లు తాగేవి, బీఎల్‌డీసీ ఫ్యాన్లు 30 వాట్ల ప్రాంతంలోనే తిరుగుతున్నాయి. సాయంత్రం భారం తగ్గించడానికి ప్యానెల్ పెంచడం కంటే ముందు చేయాల్సిన పని ఇది.

బెర్లిన్_బాల్కనీ

జర్మనీలో అద్దె ఇళ్లవారు కూడా బాల్కనీ రెయిలింగుకు రెండు ప్యానెళ్లు తగిలించి, చిన్న ఇన్వర్టర్‌ను గోడ ప్లగ్గులో పెట్టేస్తారు. 2024 నుంచి 800 వాట్ల ఇన్వర్టర్ దాకా సులభమైన ఆన్‌లైన్ నమోదు చాలు. సరైన కారణం లేకుండా ఇంటి యజమాని కాదనడానికి వీలు లేకుండా అదే ఏడాది చట్టం మార్చారు. అక్కడ ప్యానెల్ కొత్తది కాదు. మామూలు మనిషి తనంతట తానే తగిలించుకోగలిగేలా, ఇల్లు మారితే వెంట తీసుకుపోగలిగేలా దాన్ని మలచడమే కొత్త. నేను ఉండేది మూడో అంతస్తులో, దక్షిణం వైపు బాల్కనీ. వేసవిలో పగటిపూట ఫ్రిజ్, కంప్యూటర్ దాని మీదే నడుస్తాయి.

కూకట్‌పల్లి_అద్దెదారు

మాకు ఇలాంటిదే కావాలి. ఈ చర్చంతా సొంత డాబా ఉన్నవారి గురించే సాగుతోంది. హైదరాబాద్‌లో నాలాంటి వారికి బిల్లు మా పేరున రాదు, డాబా తాళం మా దగ్గర ఉండదు. బాల్కనీ ఉన్నా అందులో బట్టలు, గ్యాస్ సిలిండరు, తులసి మొక్క ఉంటాయి.

ఫీడర్_పదకొండు

మన దగ్గర నెట్ మీటరింగ్ (మిగిలిన కరెంటును లైన్‌కు ఇచ్చి బిల్లులో సర్దుకునే పద్ధతి) అంతా కనెక్షన్ యజమాని చుట్టూ అల్లుకుని ఉంది, అందుకే అద్దెదారుకు దారి దొరకదు. జర్మనీ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోవడానికి మన ఇళ్ల వైరింగ్, ఎర్తింగ్ చాలా చోట్ల సిద్ధంగా లేవు. అయితే అపార్ట్‌మెంటు సంఘాలకు సూర్యఘర్‌లోనే కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. లిఫ్టు, మోటారు, కారిడార్ లైట్లు, వాహనాల చార్జింగ్ వంటి ఉమ్మడి అవసరాలకు వాడుకోవచ్చు. మీ మెయింటెనెన్సు డబ్బులో ఆ కరెంటు వాటా ఉంటుంది కాబట్టి అద్దెదారులుగా సంఘం సమావేశంలో ఈ మాట ఎత్తండి.

ఓరుగల్లు_వాసి

కోతుల గురించి ఎవరూ రాయలేదు. మా వైపు అవి ప్యానెళ్ల మీద గెంతుతాయి, కింద వేలాడే కేబుళ్లు పట్టి లాగుతాయి. మా పక్కింట్లో కనెక్టర్లు ఊడి ఒక వరుస మొత్తం ఆగిపోయింది. కేబుళ్లన్నీ పైపులో వేయించి, ప్యానెల్ ఫ్రేముకు గట్టిగా కట్టించండి. ఎత్తుగా వేసినప్పుడు కింద నుంచి కేబుళ్లు బాగా కనిపిస్తాయి, కోతులకూ బాగా అందుతాయి.

మంజీర_మమత

కడగడం గురించి కూడా ముందే ఆలోచించండి. 8 అడుగుల ఎత్తున ఉన్నవాటిని ఎవరు కడుగుతారు, ఎక్కడ నిలబడి కడుగుతారు? ఉత్తరం అంచున ఒక మనిషి నడిచేంత జాలీ, పట్టుకోవడానికి రెయిలింగు, దగ్గరలో కుళాయి ఉంటే తప్ప అది సాగదు. మా బోరు నీళ్లు ఆరితే గాజు మీద తెల్లటి మరకలు కడతాయి, అందుకే వెంటనే రబ్బరు వైపరుతో లాగేస్తాను. తెల్లవారుజామున, గాజు చల్లగా ఉన్నప్పుడే కడగాలి. కాగిన గాజు మీద చన్నీళ్లు పోయకూడదు.

నేల_నీడ

మమత గారు చెప్పిన నడక దారి నా బొమ్మల్లో ఇకపై తప్పక ఉంటుంది. దానికి తోడు, స్ట్రక్చర్ వాలు 10 డిగ్రీల కంటే తగ్గించకండి. తగ్గిస్తే వాన నీరు కింది అంచున ఆగి మట్టి గీత కడుతుంది, ఆ గీత దగ్గరి సెల్స్ మీద అది నీడతో సమానం.

ఎత్తైన స్ట్రక్చర్ కింద నేలకు తెల్లటి కూల్ రూఫ్ రంగు వేయించండి. తెలంగాణ 2023లో దీని మీద ఒక విధానమే తెచ్చింది. రెండు వైపులా పనిచేసే బైఫేషియల్ ప్యానెల్ అయితే ఆ తెలుపు నుంచి తిరిగి వచ్చే వెలుతురు వెనుక వైపుకు అందుతుంది. గాలి కింద నుంచి ఆడుతుంది కాబట్టి ప్యానెల్ తక్కువగా వేడెక్కుతుంది. ప్యానెల్ మీద రాసిన వాట్లు సెల్ 25 డిగ్రీలు ఉన్నప్పటి లెక్క. మన ఏప్రిల్ ఎండలో అది 60 దాటుతుంది, డిగ్రీకి సుమారు 0.35 శాతం చొప్పున ఉత్పత్తి పడిపోతుంది. నడుము ఎత్తున, పిట్టగోడల మధ్య గాలి ఆడకుండా పెడితే ఆ నష్టం ఇంకా ఎక్కువ.

కృష్ణాతీరం_శారద

ఇక్కడ చదివినదంతా రాసుకుని ఒక వెండర్‌ను మళ్లీ పిలిచాను. ఈసారి మా అత్తగారినే డాబా మీద నిలబెట్టి, ఏ మూల ఎండ కావాలో, తీగలు ఎక్కడ కట్టుకుంటారో చూపించమన్నాం. ఆవిడ దక్షిణం అంచున ఎనిమిది అడుగుల వెడల్పు మేర పూర్తి ఎండ కావాలన్నారు. వడియాలకు ప్యానెల్ నీడ పనికిరాదు, బట్టలకు పనికొస్తుంది. అందుకని స్ట్రక్చర్‌ను మెట్ల గదికి ఆనించి పడమర వైపు, 8 అడుగుల ఎత్తున వేయడానికి ఒప్పుకున్నారు. స్ట్రక్చర్ ధర, గాలి లెక్క విడిగా రాసి ఇస్తామన్నారు.

ఒక్క సందేహం మిగిలింది. దిమ్మెలు పోయడానికి శ్లాబులో రంధ్రాలు చేసి బోల్టులు దించుతామంటున్నారు. ఉరుపు వస్తుందేమోనని మా వారు ఒప్పుకోవడం లేదు.

ప్యానెల్_మేస్త్రి

పిల్లర్ ఊచలు ఉన్న చోట రంధ్రాలు అక్కర్లేదు, ఆ ఊచలకే కొత్త ఊచలు కట్టి దిమ్మె పోయవచ్చు. లేని చోట కెమికల్ యాంకర్లు (రంధ్రంలో జిగురు మందు నింపి బిగించే బోల్టులు) వాడమనండి. రంధ్రం ఊది దుమ్మంతా తీసేశాకే మందు నింపాలి, దుమ్ము ఉంటే పట్టదు.

విశాఖ_తీరం

దిమ్మె చుట్టూ శ్లాబుకు, సిమెంటుకు మధ్య వచ్చే మూలలో వాటర్‌ప్రూఫింగ్ చేయించి, ప్యానెళ్లు పైకి ఎక్కించకముందే డాబా గొట్టాలు మూసి ఒకటి రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూడండి. కింద గదిలో చెమ్మ కనిపిస్తే అప్పుడే సరిచేయవచ్చు. చివరి చెల్లింపు ఆ పరీక్ష తర్వాతే అని ఒప్పందంలో రాయించుకోండి.